తోడు పద్దు

రోహిణి కార్తె 12

ఈ పుస్తకం అద్దం కింద పెట్టేది కాదు. దానికి వేరే పద్దు ఉంది: రోజుకు ఒక పేజీ, అంకెలు, అవసరమైతే ఒక వాక్యం. సాయంత్రం ఆ పేజీని అద్దంపెట్టెలో పెడితే కింద పట్నంలో ఉన్న గుమాస్తా చదువుకుంటాడు. గుమాస్తా మనిషి కాడు, యంత్రం. తొమ్మిది మెట్టల పద్దులు చదివి, ఎవరికి ఏది తక్కువైందో చూసి, పది రోజులకోసారి తీగ మీద నడిచే బుట్టలో సరుకు ఎక్కిస్తాడు. జవాబేమైనా ఉంటే చీటీ అదే పెట్టెలోంచి వస్తుంది. వారం నుంచి మా నీళ్ళ లెక్క పెరుగుతోంది. కారణం వెతుక్కోవడానికి నాకు వివరాలు కావాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈరోజు లెక్క 41.

మా బావి నీళ్ళు పసుపుగా ఉంటాయి. కొండ కింద పూర్వం ఎవరో పాతిపెట్టిన రంగుల మడ్డి వానకొకసారి ఊటలోకి దిగుతుంది. ఆ నీళ్ళు ఒక గాజు గ్లాసులో పోసి, తెల్ల పెంకు మీద పెట్టి, తోడుగుడ్డ ముక్క వేసి ఎండలో ఉంచుతాను. పసుపు పూర్తిగా పోవడానికి ఎన్ని నిమిషాలు పడితే అది ఆ రోజు లెక్క. నలభై దగ్గర ఉంటే మంచిది. అరవై దాటితే ఆ నీళ్ళు మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు ఇవ్వకూడదు. మూడు రోజులు వరసగా అరవై దాటితే అలాంటివాళ్ళను కింది శిబిరానికి దించాలి. ఈ నియమం మెట్ట సభలో ప్రతిపాదించింది నేనే.

తోడు అంటే వెండిని గ్రాఫీన్ మీద కూర్చోబెట్టి గుడ్డకు పట్టించినది. పుస్తకాల్లో ఉత్ప్రేరకం అంటారు. ముప్పై ఆరేళ్ళు కాలేజీలో నేను ఆ మాటే చెప్పాను. ఇక్కడివాళ్ళు పాలలో వేసే తోడుతో పోల్చి ఇదే పేరు పెట్టారు. పోలిక సరిగ్గా లేదని మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు నేనూ తోడు అనే అంటున్నాను.

నిల్వ: గోధుమరంగు సిరా, అంటే నీళ్ళలో కలిపిన గ్రాఫీన్, మూడు సీసాలు. మైలుతుత్తం 400 గ్రాములు. వెండి ఉప్పు 14 గ్రాములు. జీడాకు, అంటే జీడిమామిడి ఆకు, ఈరోజు 2 కిలోలు.

ఆకు తెచ్చింది నూకాలు. నూకాలు నా తోడికోడలు, మా మరిది భార్య. అన్నదమ్ములిద్దరూ పోయారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు గదుల్లో మేమిద్దరం మిగిలాం. నేను తూకం వేస్తుంటే చీరచెంగుతో విసురుకుంటూ కూర్చుంది.

"మూడాకులు ఎక్కువొచ్చాయని తీసీసావు. ఆ మూడూ ఏటి పాపం సేసాయక్కా?"

"రెండు కిలోలంటే రెండు కిలోలే."

"అత్తకి పిండం కూడా నువ్వు తూకమేసే ఎట్టుంటావు."

ఆమె మధ్యాహ్నం దాటాక మాత్రమే ఆకు కోస్తుంది. చెట్టుకు పొద్దు తగిలే వైపు, లేతా ముదురూ కాని ఆకు. "పొద్దుమొకం ఆకు" అంటుంది. ఏ వైపు కోసినా ఆకులో ఉండే పదార్థం ఒకటేనని చాలాసార్లు చెప్పాను.

"అయితే రేపట్నించి నువ్వే కోసుకో."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"నోటికి రాలేదు గదా నొప్పులు."

ఆమె కాళ్ళు ఈరోజు మళ్ళీ వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట పూడడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. ఆమెకు చెప్పలేదు.

మృగశిర 2

లెక్క 46. మబ్బు.

తోడుగుడ్డలు పాతబడుతున్నాయి. వాన నీళ్ళకు పాచి పట్టి, వెండి కొంచెం కొంచెంగా ఊడిపోతోంది. ఎండ కూడా తగ్గింది. కొత్త గుడ్డలు వేయాలి. ఒక విడత తోడుకు వెండి ఉప్పు 5 గ్రాములు కావాలి. రోహిణిలో ఒక విడత, నిన్న ఒక విడత అయ్యాక 4 గ్రాములే మిగిలింది. దానితోనే ఈరోజు చేశాను.

ఆకు మూడుసార్లు కడిగి, సన్నగా తరిగి, మరగనివ్వకుండా ఎనభై డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, పలుచని గుడ్డలో వడగట్టాను. కషాయం గట్టి టీ రంగులో వచ్చింది. సిరాలో వెండి ఉప్పు కరిగించి, కషాయం చుక్క చుక్కగా పోశాను. ఆకులోని వగరు ఉప్పులోంచి వెండిని విడిపించి గ్రాఫీన్ రేకుల మీద అంటిస్తుంది. గోధుమరంగు సిరా కాటుకలా నల్లబడితే తోడు కుదిరినట్టు. ఈరోజు కుదిరింది. రెండు గుడ్డలకు రావలసింది ఒకటిన్నరకు వచ్చింది.

ఇరవై ఏళ్ళ క్రితమైతే ఊళ్ళో పట్టీలో, కడియాలో అడిగి కరిగించేవాళ్ళం. ఆ వెండంతా ఎప్పుడో తోడులోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు బుట్ట మీదే ఆధారం.

పద్దులో రాసినది: "వెండి ఉప్పు నిండుకుంది." గుమాస్తాకు మూడు రోజులు వ్యవధి ఉంది. సరిపోతుంది.

మృగశిర 5

బుట్ట వచ్చింది. బియ్యం, కందిపప్పు, దూది, జ్వరం మాత్రలు, తుత్తం మరో 200 గ్రాములు, నేను అడగని కొబ్బరి తాడు ఒక చుట్ట. వెండి ఉప్పు లేదు. సామాన్లు రెండుసార్లు దింపించి చూశాను.

హైమ నా మనవరాలు. మెట్ట ఆరోగ్యమూ, నీళ్ళ పంపకమూ తనే చూస్తుంది. బుట్టలో తలదూర్చి వెతికి, గడ్డి అంటిన జుట్టుతో లేచింది.

"మరచిపోయుంటాడు నానమ్మా."

"యంత్రం మరచిపోదు. వెండి ఎక్కడో తక్కువై వేరే మెట్టకు ఇచ్చుంటారు."

"చెప్పొచ్చు కదా, ఇచ్చామని."

"చెప్పాలి. చెప్పకపోవడం తప్పు."

పద్దులో రాసినది: "ఈ బుట్టలో వెండి ఉప్పు రాలేదు. మా వద్ద పూర్తిగా నిండుకుంది. గమనించవలెను." చివరి మాట కింద గీత కూడా గీశాను. పాఠం చెప్పే రోజుల్లో పిల్లల కాగితాల మీద అలా గీసేదాన్ని.

లెక్క 52.

మృగశిర 9

లెక్క 58. ఉదయం నుంచి ముసురు. మధ్యాహ్నం ఒక గంట మాత్రం ఎండ కాసింది.

నూకాలు నీళ్ళు తాగడం తగ్గించింది. అడిగితే దాహం లేదంటుంది. మంచి నీళ్ళ కుండలో నేను పెట్టిన గీతను బట్టి చూస్తే తన వాటా 1200 మిల్లీలీటర్లలో 700 తాగి మిగతాది వదిలేస్తోంది. ఎందుకని గట్టిగా అడిగాను.

"నువ్వూ హైమా తాగుతారని."

"మా మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. లెక్క ప్రకారం నీ వాటా నువ్వు తాగాలి."

"నీ లెక్క తాగీసి బతకమంటావేటి?"

అలా అని తాగింది. నేను చూస్తుండగానే తాగింది కాబట్టి రాస్తున్నాను.

ఆమె భయం ఏమిటో నాకు తెలుసు, శిబిరానికి దించుతారని. ఇంతవరకు ఈ మెట్ట నుంచి ఆరుగురు శిబిరానికి దిగారు. శిబిరం చెడ్డది కాదు. అక్కడ నీళ్ళు ఇక్కడికంటే మంచివి. అయితే దిగినవాళ్ళకు పైకి వచ్చే బుట్టలో చోటు రాయరు. చోటు రాయాలంటే కారణం కావాలి, "ఇంటికి వెళ్ళాలని ఉంది" అనేది గుమాస్తా దృష్టిలో కారణం కాదు. ఆరుగురు దిగారు. ఆరుగురూ పోయారన్న కాగితాలే పైకి వచ్చాయి. ఇప్పుడు హైమ రాసిపెట్టుకున్న మూత్రపిండాల రోగుల జాబితాలో ఉన్న పేరు నూకాలమ్మ ఒక్కటే.

మృగశిర 11

లెక్క నిన్న 61. ఒక్కరోజు దాటినా గంట మోగినట్టే. వెండి లేకుండా తుత్తంతో ప్రయత్నించాను. తుత్తంలో రాగి ఉంటుంది. అదే సిరా, అదే కషాయం. వగరు ఎక్కువ కావాలని కషాయం రెండింతలు పోశాను. మొదట పాచిరంగు, తర్వాత ఇటుకరంగు, చివరికి నలుపు. గుడ్డకు పట్టించి, ఆరబెట్టి చూస్తే ఈరోజు లెక్క 44.

హైమ నన్ను కావలించుకుంది. నాకు అలవాటు లేదు. గ్లాసు ఒలికింది, రెండోసారి లెక్క కట్టాల్సి వచ్చింది. 45.

మృగశిర 12

రాగి గుడ్డ అంచుల్లో పచ్చగా మారింది. రాగి గాలికి, తడికి చెడిపోతుంది. వెండి అంత ఓర్పు దానికి లేదు. లెక్క 57. రేపటికి పనికిరాదు.

సాయంత్రం అద్దంపెట్టె నుంచి చీటీ వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "మీ వద్ద గల మిగులు వెండి ఉప్పులో 250 గ్రాములు పొరుగు మెట్ట అవసరార్థం తదుపరి బుట్టలో పంపవలెను."

చీటీని ముందు నుంచి, వెనక నుంచి చదివాను. నూకాలుకు చదివి వినిపించాను.

"మనకాడ గరిటెడు లేదు గానీ రొండొందల యాభై అంట. గుమాస్తా తాగుంటాడు."

"యంత్రం తాగదు. ఈ చీటీ వేరే మెట్టది. పొరపాటున మనకు వచ్చింది."

"మరి ఆళ్ళకి రావాల్సింది మనకొస్తే, మనకి రావాల్సిందేటైంది?"

సరైన ప్రశ్న. పద్దులో రాసినది: "పై ఆజ్ఞ మాకు వర్తించదు. మా వద్ద వెండి ఉప్పు అడుగంటా నిండుకుందని మూడోసారి తెలియజేస్తున్నాము. పంపడం సాధ్యం కాదు."

మృగశిర 13

లెక్క 66. మొదటి రోజు.

మృగశిర 14

లెక్క 79. రెండో రోజు. హైమ పొద్దున నా వంక చూడకుండా గ్లాసు వంక చూసింది. నేను అంకె చెప్పాను. తను రాసుకుంది.

నూకాలు జీడాకు తెచ్చి వాకిట్లో పెట్టింది. వెండి లేదు కదా, ఎందుకు తెచ్చావంటే, "ఆకు కొయ్యకపోతే చేతులు ఊరుకోవు" అంది. తూకం వేశాను. సరిగ్గా రెండు కిలోలు ఉంది.

ఆరుద్ర 1

బుట్ట వచ్చింది. దానిలో మనిషి ఉన్నాడు.

పేరు ఇమ్మానుయేలు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. శిబిరంలోనే పుట్టి పెరిగాడట. తనిఖీకి వచ్చానన్నాడు. ఒక చేతిలో చిన్న అద్దంపెట్టె, ఇంకో చేతిలో నా పద్దు నకళ్ళు. మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మామ్మగారూ, వెండి ఉప్పు సీసా చూపించండి."

చూపించాను. ఐదు వందల గ్రాముల సీసా. కడిగి, ఆరబెట్టి, మూత పెట్టి ఉంది. ఎండకు ఎత్తి చూశాడు.

"మిగతాది ఎక్కడుంది?"

"మిగతాది ఏమిటి?"

"రోహిణి పన్నెండున పద్నాలుగు గ్రాములు. మృగశిర ఒకటిన నాలుగు. రెండో తారీకున ఐదు వందలు. ఒక్క రోజులో నాలుగు వందల తొంభై ఆరు గ్రాములు ఎక్కడినుంచి వచ్చింది? ఇప్పుడు ఎక్కడుంది? పొరుగు మెట్టకు సగం పంపమంటే పంపనని రాశారు. అక్కడ కూడా పిల్లలున్నారు మామ్మగారూ."

నా జీవితంలో నా లెక్క తప్పని ఎవరూ అనలేదు.

"ఐదు వందలని నేను ఎక్కడ రాశాను? చూపించు."

నకలు తీసి చదివాడు. "మృగశిర రెండు. 'వెండి ఉప్పు నిండుకుంది.' మీ చేతిరాతే కదా?"

"నాదే."

"మృగశిర ఐదు. 'పూర్తిగా నిండుకుంది.' పన్నెండు. 'అడుగంటా నిండుకుంది.' మూడుసార్లు నిండిందని మీరే రాశారు. ఇది ఐదు వందల గ్రాముల సీసా."

"నిండుకుంది అని రాస్తే సీసాలో ఎందుకుంటుంది?"

"నిండితే సీసాలోనే ఉంటుంది కదండీ."

గడపలో కూర్చున్న నూకాలుకు నవ్వు వచ్చింది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు ఆగక, హైమ వీపు రాస్తే గానీ తేరుకోలేదు.

"ఓలమ్మో. అక్కా, ఈ బాబుకి నిండుకోడమంటే తెల్దే. బాబూ, మీ ఇంట్లో బియ్యం అయిపోతే మీయమ్మ ఏటంటది?"

"శిబిరంలో బియ్యం అయిపోవు. గొట్టంలోంచి వస్తాయి."

"అదే మరి. అయిపోవు గనక మాట లేదు. మాకు అయిపోతాయి గనక మాటుంది. లేవంటే ఇల్లు వింటాది, సంటిపిల్లలా అదే మాట నేర్సీసుకుంటాది. అందుకని నిండుకున్నాయంటాం."

అతను నకలు వంక చూశాడు, సీసా వంక చూశాడు. "అంటే ఖాళీ అనా?"

"కాళీయే."

"మూడుసార్లూ?"

"మూడోసారి మరీ కాళీ."

చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి "లేదత్తయ్యా" అన్నందుకు మా అత్తగారు నా చేత ఆ జాడీ కడిగించి, దోసెడు ఉప్పు పోయించి, అప్పుడు మాట మార్చి చెప్పమన్నారు. ఆ తర్వాత నేను రసాయనశాస్త్రం చదివాను, చెప్పాను. "కొంచెం" అని రాసిన పిల్లలకు మార్కులు కోసి, గ్రాముల్లో రాయమన్నాను. పదకొండేళ్ళుగా ఈ పద్దులో ప్రతి వస్తువుకూ అంకె వేశాను. సున్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి అంకె వేయలేదు, అత్తగారి మాట వేసింది. చదువుకున్నదాన్నన్న గర్వంలో అది నాకు కనబడలేదు. పదకొండేళ్ళలో ఏ సరుకూ బుట్ట వచ్చేలోపు ఇలా పూర్తిగా అయిపోలేదు కాబట్టి బయటపడనూ లేదు.

"ఇప్పుడు రాయండి," అన్నాడు ఇమ్మానుయేలు. అతని గొంతు మెత్తబడింది. "గుమాస్తా మాట వినడు, రాసిందే చూస్తాడు."

కలం తీసుకున్నాను. వస్తువు పేరు వేసి ఆగాను.

"రాయే అక్కా," అంది నూకాలు. "లేనిదాన్ని లేదంటే ఇంకేటి పోతాది."

రాశాను: "వెండి ఉప్పు: 0 గ్రాములు. లేదు."

అతను పేజీని అద్దం కింద పెట్టాడు. చీటీ నిమిషంలో వచ్చింది. అత్యవసర బుట్ట నాలుగు రోజుల్లో.

ఈరోజు లెక్క 92. మూడో రోజు.

నాలుగు రోజులు ఆగితే వెండి వస్తుందని, రెండు రోజుల్లో తోడు చేస్తానని, ఆరు రోజులు మాత్రం గడువు ఇమ్మని నేనే అడిగాను. అడుగుతున్నప్పుడే అతని జవాబేమిటో నాకు తెలుసు.

"నియమం మూడు రోజులండీ. కింద సంతకం మీదే ఉంది."

ఆరుద్ర 2

నూకాలు ఉదయం బుట్టలో దిగింది. ఒక సంచి. దానిలో రెండు చీరలు, దువ్వెన, వద్దన్నా పెట్టుకున్న ఆకు కోసే కొక్కెం.

దిగేవాళ్ళ కాగితం హైమ నింపాలి. పేరు, వయసు, రోగం, తేదీ. ఆఖరి గడిలో "వ్యక్తి తెలిపినది" అని ఉంటుంది. ఇంతకుముందు ఆరుగురికీ హైమ ఆ గడిలో "సమ్మతి" అని రాసింది. ఈరోజు ఆ గడి ఖాళీగా వదిలి కలం కింద పెట్టింది. కాగితం నేను తీసుకున్నాను.

నూకాలు బుట్ట అంచు పట్టుకుని తిరిగి చూసింది.

"పొద్దుమొకం ఆకు. మర్చిపోకు. తడిసిన రోజు కొయ్యకు."

"ఆకు ఆకే," అన్నాను.

"ఎల్లొత్తానక్కా."

వ్యక్తి ఏమి తెలిపిందని ఆ గడి అడుగుతోంది. ఆమె తెలిపినది నేను విన్నాను. కాబట్టి రాశాను: "వెళ్ళొస్తాను." కాగితం అద్దం కింద పెట్టి, గిలక తిప్పమని చెప్పాను. బుట్ట కనుమరుగు కావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

జనాభా 212.

ఆరుద్ర 5

అత్యవసర బుట్ట వచ్చింది. వెండి ఉప్పు 200 గ్రాములు, పొరుగు మెట్టతో పంచి ఇచ్చింది. సీసా మూత మీద నా చేత్తో అంకె రాసి అంటించాను.

దానితోపాటు చీటీ. దీన్నీ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "నూకాలమ్మ, వ్యక్తి ప్రకటన మేరకు తిరిగి వచ్చు ప్రయాణికురాలుగా నమోదు. ఆరుద్ర 11 బుట్టలో పైకి చోటు కేటాయించడమైనది. షరతు: ఆరుద్ర 9 నాటికి మెట్ట నీటి లెక్క 40 లోపు ఉండవలెను. లేనిచో చోటు రద్దు."

హైమకు ఇచ్చాను. చదివి, "నానమ్మా, గుమాస్తా నిజంగానే అనుకున్నాడు, చిన్ననానమ్మ వెళ్ళి వస్తుందని" అంది.

పోయేవాళ్ళు ఎవరైనా అలాగే అంటారు. దిగిన ఆరుగురూ అన్నారు. మేము రాయలేదు.

నాలుగు రోజులున్నాయి.

ఆరుద్ర 6

ఆకు కోయడానికి నేనే వెళ్ళాను. రాత్రి వాన పడి చెట్టు తడిగా ఉంది. ఆగే వీలు లేదనుకున్నాను. చేతికి అందిన కొమ్మల్లో రెండు కిలోలు కోసి, మూడుసార్లు కడిగి, ఎనభై డిగ్రీలకు కాచాను. కషాయం పలుచగా, తేనెరంగులో వచ్చింది. వెండి ఉప్పు 25 గ్రాములు వేసి, అన్ని గుడ్డలకూ ఒకేసారి సరిపడేలా చేశాను. సిరా బూడిదరంగు దగ్గర ఆగిపోయింది. గంట చూశాను. నల్లబడలేదు.

లెక్క 83. వెండి ఉప్పు 175 గ్రాములు. పాతిక గ్రాములు నేలపాలు చేశాను.

ఆరుద్ర 7

కోయలేదు. ఉదయం నుంచి వాన. చెట్టు కిందికి వెళ్ళి నిలబడి, పొద్దు ఎటు తిరుగుతుందో మాత్రం చూసి వచ్చాను. పడమటి వైపు కొమ్మల ఆకు దళసరిగా, మెరుస్తూ ఉంది. నేను నిన్న కోసిన వైపు ఆకు పలుచన. ఎండ బాగా తగిలిన ఆకులో వగరు ఎక్కువ తయారవుతుంది, ఆ వగరే వెండిని విడిపిస్తుంది. ఇది తరగతిలో పిల్లలకు నేను చెప్పగలిగిన పాఠమే. నూకాలు దాన్ని నోట్లో వేసుకుని నమిలి తెలుసుకుంది. నేను కూడా ఒక ఆకు నమిలాను. నాలుక పిడచకట్టుకుపోయింది. తూర్పు ఆకు నమిలితే గడ్డిలా ఉంది.

ఆరుద్ర 8

పదింటికి వాన వెలిసింది. ఒంటిగంట దాకా ఆకు ఆరనిచ్చాను. హైమ వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"మోకాళ్ళు, నానమ్మా."

"నోటికి రాలేదు కదా నొప్పులు, పట్టుకో."

పడమటి వైపు, లేతా ముదురూ కానివి, ఒక్కో ఆకూ చూసి కోశాను. రెండు కిలోల తర్వాత మూడాకులు ఎక్కువ వచ్చాయి. తీయలేదు.

కషాయం గట్టి టీ రంగు. చుక్క చుక్కగా పోస్తుంటే ముప్పై రెండో చుక్కకు సిరా కాటుకలా నల్లబడింది. గుడ్డలన్నిటికీ పట్టించి నీడలో ఆరేశాం. వెండి ఉప్పు 150 గ్రాములు.

ఆరుద్ర 9

తొమ్మిదింటికి ఎండ వచ్చింది. గ్లాసు పెంకు మీద పెట్టాను. హైమ గడియారం చూసింది, నేను నీళ్ళు చూశాను. ఇరవై నిమిషాలకు పసుపు తగ్గింది. ముప్పైకి నిమ్మకాయ తొక్కంత. ముప్పై మూడుకు ఒక మబ్బు వచ్చి రెండు నిమిషాలు ఉంది. హైమ ఆ రెండు నిమిషాలు తీసేద్దామంది. మబ్బు ఉన్నా నిమిషం నిమిషమేనని, తీయడానికి వీల్లేదని చెప్పాను.

ముప్పై ఎనిమిదికి పెంకు తెల్లగా కనిపించింది.

లెక్క 38. పద్దులో అంకె వేసి అద్దం కింద పెట్టాను.

సాయంత్రం చీటీ: "చోటు ఖరారు." దాని కింద ఇంకో ఆజ్ఞ: "మీ ప్రాంతంలో ఒకటి పలికి వేరొకటి అర్థం చేసుకొను మాటల జాబితా పంపవలెను. పద్దులు ఇకపై దాని ప్రకారం చదవబడును."

ఆరుద్ర 10

జాబితా రాశాను. ఇలాంటి పనిలో నేను ఎవరికీ తీసిపోను.

నిండుకుంది: అయిపోయింది. దీపం కొండెక్కింది: ఆరిపోయింది. పురుగు ముట్టింది: పాము కరిచింది. అమ్మవారు పోసింది: ఒంటి మీద పొక్కులు లేచాయి, జ్వరం ఉంది, మందులు పంపాలి. నీళ్ళోసుకుంది: స్నానం చేసిందని కాదు, కడుపుతో ఉందని, నీళ్ళ వాటా పెంచాలి. ఇలా పద్నాలుగు మాటలు. హైమ పక్కన కూర్చుని చదివింది. పద్నాలుగో మాట తర్వాత నా వంక చూసింది.

"ఇంకొకటి ఉంది నానమ్మా."

"ఉంది."

"రాయవా?"

మా పద్దులో దిద్దకుండా వదిలిన తప్పు అంకె ఇంతవరకు లేదు. జాబితా కింద గీత గీసి, "మొత్తం 14" అని వేసి, సంతకం పెట్టి, అద్దం కింద పెట్టాను. పదిహేనో మాట ఈ పుస్తకంలోనే ఉంటుంది. ఈ పుస్తకం అద్దం కింద పెట్టేది కాదు.

తరువాత దిగేవాళ్ళ కాగితాల కట్ట తెచ్చి, హైమకు ఆఖరి గడి చూపించాను. ఇక ముందు ఆ గడిలో ఎవరి మాట వాళ్ళది, అన్నది అన్నట్టు రాయాలని చెప్పాను.

ఆరుద్ర 11

బుట్ట పదకొండు గంటల పది నిమిషాలకు వచ్చింది. నూకాలు కొక్కెం పట్టుకుని దిగింది. కాళ్ళ వాపు తగ్గింది. గుంట పూడడానికి నాలుగు సెకన్లు.

"పైకి ఎల్లే బుట్టలో నాకు సోటుందన్నారక్కా. ఏటని అడిగితే గుమాస్తా రాసాడన్నారు. మంచోడే."

"చెప్పింది రాసుకుంటాడు."

గదిలోకి వచ్చి ఆరేసిన గుడ్డలు చూసింది. ఒకటి అంచు పట్టుకుని, వేళ్ళకు అంటిన నలుపు చూసుకుంది.

"ఆకు ఎవలు కోసారు?"

"నేనే."

"ఏ వైపు?"

నేను గుడ్డ మడత సరిచేశాను. ఆమెకు తెలిసిపోయింది. మధ్యాహ్నం దాకా దాని గురించే మాట్లాడింది, ఎన్ని మాటలో లెక్క పెట్టలేదు.

లెక్క 39. వెండి ఉప్పు 150 గ్రాములు. జనాభా 213.

అన్నం తిన్నాక నూకాలు కొంగు దులుపుకుని లేచింది. గోడకు అవతలి గదికి వెళ్ళాలి, పదకొండు అడుగులు.

"ఎల్లొత్తానక్కా," అంది.

దాన్ని కూడా పద్దులో రాసి, అద్దం కింద పెట్టాను.